మేనమామకు ఉంది కాబట్టి వీడి బతుకూ అంతేనా? స్కిజోఫ్రీనియా నడక, కుటుంబ చరిత్ర

దారిదీపం | సోషల్ వర్కర్, సికింద్రాబాద్ | ఉదయం 9:10

అందరికీ నమస్కారం. ఓపీలో స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు వంటి లక్షణాలుండే తీవ్రమైన మానసిక జబ్బు) అని పేరు చెప్పాక ఇంటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "నయమైతదా సార్?" రెండోది గొంతు తగ్గించి అడుగుతారు: "మా తమ్మునికి గూడ ఇట్లనే ఉండె. వీని బతుకు గూడ అంతేనా?" ఆ తమ్ముడు, అంటే పిల్లవాడి మేనమామ, ముప్పై ఏళ్లు గది మూలన ఎలా గడిపాడో వాళ్ల కళ్లముందే ఉంటుంది. ఆ బొమ్మనే తెచ్చి పిల్లవాడి మీద పెడతారు. ఎలాగూ తగ్గేది కాదనుకుని మూడో నెలకే మందులు కొనడం మానేసే ఇళ్లు ఉన్నాయి.

ఇక్కడ రెండు ప్రశ్నలు కలగలిసిపోయాయి. చుట్టాల్లో ఒకరికి ఉంటే జబ్బు వచ్చే అవకాశం ఎంత పెరుగుతుంది? వచ్చిన జబ్బు ఎలా నడుస్తుందో ఆ చుట్టాన్ని చూసి చెప్పగలమా? కౌన్సెలింగ్‌లో కూర్చునేవాళ్లకు పనికొచ్చేలా రాయండి. సొంత అనుభవాలు ఈ చర్చలో వద్దు.

లెక్కలమాస్టారు | బయోస్టాటిస్టిక్స్ | ఉదయం 9:48

ముందు మొదటి ప్రశ్న. ఇర్వింగ్ గాట్స్‌మన్ 1991లో పాత యూరప్ అధ్యయనాలన్నీ కూడి వేసిన లెక్కే ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. జనంలో 100కి ఒకరు. తోబుట్టువుకు ఉంటే 9, తల్లికో తండ్రికో ఉంటే 13, ఇద్దరికీ ఉంటే 46, ఒకే అండపు కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి 48. దారిదీపం గారు అడిగిన మేనమామ కేసులో మేనల్లుడికి 4. అంటే 100 మంది అలాంటి మేనల్లుళ్లలో 96 మందికి రాదు.

తరవాత డెన్మార్క్ వాళ్లు దేశం మొత్తం రిజిస్టర్లు పట్టి 2010లో చూస్తే అంకెలు దిగాయి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే 7 శాతం, ఇద్దరికీ ఉంటే 27 శాతం, ఎవరికీ లేకపోతే 0.86 శాతం. అదే దేశపు కవలల లెక్క 2018లో వచ్చింది. అందులో ఒకే అండపు కవలల్లో ఇద్దరికీ ఉండటం 33 శాతమే. పాత అధ్యయనాలు ఆసుపత్రుల్లో చేరిన తీవ్రమైన కేసుల చుట్టూ తిరిగాయి కాబట్టి అంకెలు పెద్దగా కనిపించాయి.

ఆ 2018 అధ్యయనంలోనే వంశపారంపర్యత 79 శాతం అని ఉంది. దీన్ని చదివి "బిడ్డకు 79 శాతం వస్తుంది" అని చెప్పే కౌన్సెలర్లు ఉన్నారు. దయచేసి అలా చెప్పకండి. ఒక జనాభాలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాల్లో జన్యువుల వాటా ఎంత అన్నదే ఆ అంకె చెప్పేది. ఫలానా బిడ్డకు వచ్చే అవకాశం గురించి అది ఏమీ చెప్పదు. ఇంటివాళ్ల దగ్గర శాతాలు కూడా వద్దు, "వంద మందిలో ఇంతమంది" అనండి. రాని వాళ్ల సంఖ్యను కూడా అదే వాక్యంలో చెప్పండి.

మనోవైద్యం_ఓపీ | సైకియాట్రిస్ట్ | ఉదయం 10:25

మాస్టారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. మన దగ్గరికి వచ్చే స్కిజోఫ్రీనియా రోగుల్లో ఎక్కువమందికి తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఆ జబ్బు ఉన్నవాళ్లు ఎవరూ ఉండరు. "మా వంశంలో లేదు, కాబట్టి ఇది అది కాదు" అన్న వాదన కూడా అందుకే నిలవదు. ఆ మాట పట్టుకుని వైద్యానికి ఆరు నెలలు ఆలస్యం చేసేవాళ్లు తక్కువేమీ కాదు.

ఇక రెండో ప్రశ్న. పాత పుస్తకాల్లో "చెడు సూచనలు" పట్టికలో కుటుంబంలో స్కిజోఫ్రీనియా ఉండటం ఒకటి. అది పూర్తిగా తప్పని అనను. అధ్యయనాలన్నీ కూడి చూసిన సమీక్షల్లో కుటుంబ చరిత్ర ఉన్నవాళ్లకు జబ్బు కొంచెం చిన్న వయసులో మొదలవుతుందనీ, నెగటివ్ లక్షణాలు, అంటే మాట తగ్గడం, చొరవ పోవడం, ముఖంలో భావం లేకపోవడం, కాస్త ఎక్కువనీ తేలింది. 2014లో ఫిన్లాండ్ పరిశోధకుల సమీక్షలో ఉద్యోగం, మొత్తం కోలుకోవడం కొంచెం తక్కువని వచ్చింది. అన్ని చోట్లా "కొంచెం" అన్న మాటే ముఖ్యం.

లెక్కలమాస్టారు | ఉదయం 10:41

ఆ "కొంచెం" ఎంతో చూపిస్తాను. కుటుంబ చరిత్రకూ ఉద్యోగానికీ మధ్య సహసంబంధం (రెండు విషయాలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె, 0 అంటే ఏమీ లేదు, 1 అంటే పూర్తిగా) 0.15 అనుకోండి. దాన్ని వర్గం చేస్తే 0.0225. అంటే ఒకరు ఉద్యోగానికి తిరిగి వెళ్లడానికీ మరొకరు వెళ్లకపోవడానికీ ఉన్న తేడాల్లో కుటుంబ చరిత్ర వాటా రెండు శాతం చిల్లర. మిగతా 97కి పైగా వేరే కారణాలు. వెయ్యి మంది సగటు చెప్పేటప్పుడు ఇది కనిపిస్తుంది. ఎదురుగా కూర్చున్న ఒక్క కుర్రాడి గురించి చెప్పడానికి చాలదు.

జన్యురేఖ | జెనెటిక్ కౌన్సెలర్ | ఉదయం 11:30

ఒకే జన్యువులున్నా నడక ఎంత వేరుగా ఉంటుందో చెప్పడానికి అమెరికాలో 1930లో పుట్టిన నలుగురు ఒకే అండపు అక్కచెల్లెళ్ల కేసు ఉంది. పేరు దాచి "జెనైన్" అక్కచెల్లెళ్లు అని రాశారు. నలుగురికీ స్కిజోఫ్రీనియా వచ్చింది. ఒకరు పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, ఉద్యోగం చేశారు. మరొకరు హైస్కూలు కూడా పూర్తి చేయలేకపోయారు. జన్యువులు ఒకటే, ఇల్లు ఒకటే, గతులు నాలుగు. మేనమామకూ మేనల్లుడికీ ఉమ్మడిగా ఉండేది సగటున పావు వంతు మాత్రమే.

"ఏ జన్యువు సార్?" అని అడుగుతారు. ఒకటి కాదు. 2022లో వచ్చిన పెద్ద అంతర్జాతీయ అధ్యయనం జీనోములో (మనిషి మొత్తం జన్యు పదార్థంలో) 287 చోట్లు గుర్తించింది. ఒక్కొక్క చోటి ప్రభావం చాలా చిన్నది. వాటన్నింటినీ కూడి స్కోరు వేయవచ్చు, కానీ దానితో ఒక మనిషికి జబ్బు వస్తుందా, ఎలా నడుస్తుంది అని చెప్పలేం. ఆన్‌లైన్‌లో లాలాజలం కిట్లు అమ్మేవాళ్ల రిపోర్టు తెచ్చి చూపిస్తే ఆ స్కోరు మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దని చెప్పండి.

జన్యు పరీక్ష నిజంగా అక్కరకొచ్చే సందర్భం ఒకటుంది. రోగికి పుట్టుకతో గుండె లోపం, చీలిన అంగిలి లేదా ముక్కుతో వచ్చే మాట, రక్తంలో కాల్షియం తగ్గడం, చదువులో బాగా వెనుకబాటు, వీటిలో ఒకటి రెండు ఉంటే 22వ క్రోమోజోము ముక్క లోపించిందేమో చూడాలి. ఆ లోపం ఉన్నవాళ్లలో నలుగురిలో ఒకరికి సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితి) వస్తుంది. అది బయటపడితే కాల్షియం, థైరాయిడ్, గుండె పరీక్షలు చేయాలి, మూర్ఛ రావచ్చని గుర్తుంచుకుని మందుల మోతాదు పెట్టాలి. అంటే వైద్యమే మారుతుంది. హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగానికి రెఫర్ చేయవచ్చు.

దారిదీపం | ఉదయం 11:52

మేడమ్, మేనరికం సంగతి? మన దగ్గర ఈ ప్రశ్న రాకుండా ఉండదు.

జన్యురేఖ | మధ్యాహ్నం 12:20

మేనరికం గురించి రెండు విషయాలు. అక్క కూతుర్నో మేనత్త కొడుకునో చేసుకున్న ఇంట్లో "తల్లి తరపున ఒకరు, తండ్రి తరపున ఒకరు" అని రాసి ఉంటే ఆగి చూడండి. చాలాసార్లు ఆ ఇద్దరూ ఒకే మనిషి. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో తల్లికి తమ్ముడైనవాడే తండ్రికి మేనల్లుడు కూడా అవుతాడు. ఒక్క రోగిని రెండుసార్లు లెక్కేసి "రెండు వైపులా ఉంది" అని భయపెడుతున్నాం. వంశవృక్షం బొమ్మ గీస్తేనే ఇది తెలుస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం. మేనరికంలో బాగా పెరిగేది తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఒకే లోపం వస్తే బయటపడే జబ్బులు. వాటిలో విల్సన్ జబ్బు (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) సైకోసిస్‌లా కనిపించగలదు. 15, 20 ఏళ్ల వాడికి అనుమానాలతో పాటు చేతివణుకు, మాట ముద్దగా రావడం, చొల్లు కారడం, చిన్నప్పుడు కామెర్లు, ఇంట్లో ఒక బిడ్డ కాలేయం చెడి చనిపోవడం, వీటిలో ఏది ఉన్నా సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రోటీన్) పరీక్ష, లివర్ పరీక్షలు, కంటి డాక్టరు దగ్గర స్లిట్ ల్యాంప్‌తో కంటిలో రాగి వలయం చూడటం తప్పనిసరి. అది విల్సన్ అయితే రాగిని తీసే మందు ఉంది. వదిలేస్తే కాలేయం, మెదడు రెండూ పోతాయి. కుటుంబ చరిత్ర రోగి జీవితాన్ని పూర్తిగా మలుపు తిప్పే చోటు ఇది.

వార్డు_సిస్టర్ | సైకియాట్రిక్ నర్సింగ్ | మధ్యాహ్నం 1:05

కేసు షీట్లలో "కుటుంబ చరిత్ర: లేదు" అని కనిపిస్తే అందులో సగం సరిగా అడగనివే అని నా అభిప్రాయం. "మీ ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా?" అని అడిగితే లేదనే చెప్తారు. మన ఇళ్లలో ఆ పేరుతో ఎవరూ చెప్పుకోరు. గాలి సోకిందంటారు, చేతబడి అంటారు, మతి చలించిందంటారు, చదివి చదివి మెదడు ఖరాబైందంటారు. అందుకని జబ్బు పేరు కాకుండా జరిగింది అడగాలి. ఎవరైనా ఇల్లు విడిచి తిరిగిరాలేదా? పెళ్లి చేయకుండా ఇంట్లోనే ఉంచినవాళ్లు ఉన్నారా? ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఎవరినైనా తీసుకెళ్లారా? దర్గాలో గానీ గుడిలో గానీ నెలల తరబడి ఉంచారా? తమలో తాము మాట్లాడుకునేవాళ్లు? ఉరి వేసుకున్నవాళ్లు, బావిలో పడినవాళ్లు? కాన్పు తరవాత బిడ్డను దగ్గరికి రానివ్వని ఆడమనిషి?

అయితే వెయ్యినూటపదహార్లు ఖర్చుపెట్టి అమ్మవారిని పిలిపించిన ఇంట్లో పూనకం వచ్చిన ప్రతి మనిషినీ రోగి కింద రాయకండి. బోనాల రోజు వచ్చి గంటలో దిగిపోయి, మర్నాడు మామూలుగా వంట చేసుకునేది జబ్బు కాదు.

మూడు తరాలు అడగాలి. తల్లిని, తండ్రిని విడివిడిగా అడగాలి, ఎందుకంటే కోడలి ముందు అత్త తన పుట్టింటి సంగతి చెప్పదు. వీలైతే ఇంట్లో పెద్ద వయసు ఆడవాళ్లను అడగండి, వాళ్లకు అందరి సంగతీ తెలుసు. మొదటిరోజు రాకపోతే రెండు వారాల తరవాత మళ్లీ అడగండి, నమ్మకం కుదిరాక బయటికొస్తుంది.

మనోవైద్యం_ఓపీ | మధ్యాహ్నం 2:15

సిస్టర్ రాసినదానికి ఒక్కటి చేర్చండి. ఆ చుట్టానికి ఏ వైద్యం జరిగింది? ఏ వయసులో మొదలై, ఎన్నేళ్లకు మందు మొదలుపెట్టి, ఎన్ని నెలలు వాడి మానేశారు?

మేనమామ గది మూలన కూర్చోవడం జబ్బు వల్లేనా, వైద్యం అందకపోవడం వల్లా అన్నది ఇది అడిగితేనే తెలుస్తుంది. ఆయనకు 1980 ప్రాంతంలో మొదలైందనుకోండి. రెండు మందులకు లొంగని జబ్బులో క్లోజపిన్ పనిచేస్తుందని గట్టిగా చూపిన జాన్ కేన్ బృందం అధ్యయనం వచ్చిందే 1988లో. ఆయనకు ఆ అవకాశమే లేదు. ఈ కుర్రాడికి ఉంది. రెండు మందులు, ఒక్కొక్కటి సరైన మోతాదులో కనీసం ఆరు వారాలు, నిజంగా మింగారని నిర్ధారించుకున్నాక కూడా లొంగకపోతే మూడో మందు, నాలుగో మందు అంటూ ఏళ్లు గడపకుండా క్లోజపిన్‌కు వెళ్లాలి. కుటుంబ చరిత్ర ఉందని ఆ దారి మూసుకుపోదు.

నడకను మార్చే వాటిలో మన చేతిలో ఉన్నవి: మొదటి లక్షణానికీ మొదటి మాత్రకూ మధ్య గడిచిన కాలం, మందు ఆగకపోవడం, గంజాయి, ఇంటి వాతావరణం. చెన్నైలో 1981లో మొదలైన మద్రాస్ లాంగిట్యూడినల్ స్టడీలో డాక్టర్ తార, తోటివాళ్లు మొదటిసారి జబ్బు పడ్డ 90 మందిని దశాబ్దాల పాటు వెంబడించారు. చాలామంది విషయంలో జబ్బు నిరంతరంగా సాగలేదు, వచ్చి తగ్గుతూ నడిచింది. మన దక్షిణాది సమాచారం ఇది. ఇంటివాళ్లకు చెప్పడానికి మేనమామ ఒక్కడి కంటే ఇది మేలైన ఆధారం.

మందులచీటీ | క్లినికల్ ఫార్మసిస్ట్, దిల్‌సుఖ్‌నగర్ | మధ్యాహ్నం 3:02

మందు ఆగడం గురించి. మొదటి ఎపిసోడ్ రోగుల మీద 1999లో వచ్చిన రాబిన్‌సన్ అధ్యయనంలో ఐదేళ్లలో 82 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. మందు మానేసినవాళ్లకు ఆ ప్రమాదం దాదాపు ఐదు రెట్లు. 2012లో లాన్సెట్‌లో లాయిష్ట్ బృందం కూడిన లెక్కలో ఏడాదిలో తిరగబెట్టింది మందు మీద 27 శాతం, ఉత్తి మాత్ర (మందు లేని మాత్ర) మీద 64. కుటుంబ చరిత్ర వాటా రెండు శాతమని మాస్టారు చెప్పారు. ఆ అంకెను ఈ అంకెలతో పోల్చి చూడండి.

ఇంటివాళ్లు మోసపోయేది ఎక్కడంటే, మందు ఆపిన మర్నాడే ఏమీ కాదు. మగత పోతుంది, మొహం తేటగా అవుతుంది, "చూశావా, మందే వీణ్ని పాడుచేసింది" అనుకుంటారు. రెండో నెల, మూడో నెల గడిచాక నిద్ర తగ్గుతుంది, అప్పుడు మొదలవుతుంది. మొదటి ఎపిసోడ్ అయితే తగ్గాక కూడా ఏడాది నుంచి రెండేళ్లు, పలుమార్లు తిరగబెడితే ఐదేళ్లు లేదా పైన వాడాలి. ఆపాలనుకుంటే డాక్టరు పర్యవేక్షణలో నెలల మీద మెల్లగా తగ్గించాలి.

మాత్ర మింగడం నమ్మకంగా లేని ఇంట్లో నెలకోసారి సూదిమందు గురించి ముందే చెప్పండి, ఆఖరి అస్త్రంగా దాచకండి. పాలిపెరిడోన్ అయితే మొదటి రోజు 150 మిల్లీగ్రాములు, వారం తరవాత ఒకసారి 100, రెండూ భుజానికే, ఆ తరవాత నెలకోసారి. అంతకుముందు ఆ మందు లేదా రిస్పెరిడోన్ మాత్ర పడుతుందో లేదో చూసుకోవాలి.

క్లోజపిన్ 12.5 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. మొదటి 18 వారాలు వారానికోసారి తెల్లకణాల లెక్క. 48 గంటలకు మించి మందు తప్పితే పాత మోతాదు ఒక్కసారిగా వేయకూడదు, మళ్లీ 12.5 నుంచే. ఊరికి పెళ్లికి వెళ్లి సీసా మరిచిపోయి, తిరిగొచ్చి 300 వేసుకుంటే బీపీ పడిపోయి కూలిపోతారు. సిగరెట్, బీడీ ఒక్కసారిగా మానేస్తే రక్తంలో క్లోజపిన్ పెరుగుతుంది. కాబట్టి మానే ముందు డాక్టరుకు చెప్పాలి.

ఇంకొకటి. కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు షుగరు, గుండెపోటు కూడా రాసుకోండి. తల్లిదండ్రులిద్దరికీ షుగరున్న హైదరాబాదీ కుర్రాడికి బరువు, షుగరు పెంచగల ఓలాంజపిన్ మొదలుపెట్టాలా అన్నది నిజమైన ప్రశ్న. మొదలుపెడితే ముందే బరువు, నడుము కొలత, పరగడుపు షుగరు, కొవ్వులు రాయాలి. 4, 8, 12 వారాలకు బరువు, 12 వారాలకు మళ్లీ రక్తపరీక్ష. మన వాళ్లకు నడుము కొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త. ఈ జబ్బున్నవాళ్ల ఆయుష్షు తగ్గడానికి పెద్ద కారణం గుండెజబ్బులే.

వార్డు_సిస్టర్ | సాయంత్రం 4:20

ఇంటి వాతావరణం గురించి ఎవరూ విడమరిచి రాయలేదు. లండన్‌లో వాన్, లెఫ్ 1976లో చూపింది ఏమిటంటే, ఎత్తిపొడుపులు, కోపం, లేదా మితిమీరి బాధపడిపోవడం ఉన్న ఇంట్లో జబ్బు ఎక్కువగా తిరగబెడుతుంది. వారానికి 35 గంటలు మించి ఎదురెదురుగా గడిపితే ఇంకా ఎక్కువ. తరవాత చండీగఢ్‌లో చూస్తే అలాంటి ఇళ్లు లండన్ కన్నా బాగా తక్కువ. ఫిన్లాండ్‌లో తియెనారి దత్తత అధ్యయనం కూడా ఇదే వైపు చూపుతుంది. జబ్బున్న తల్లుల బిడ్డలు దత్తతకు వెళ్లి పెరిగిన ఇల్లు సజావుగా ఉంటే ఆ జబ్బు తక్కువగా వచ్చింది.

అసలు సంగతి ఇక్కడ ఉంది. మేనమామ పేరు ఇంట్లో ఎలా వాడుతున్నారో వినండి. లేవడం ఆలస్యమైతే "నువ్వు గూడ మీ మామ లెక్కనే తయారైతున్నవ్." అన్నం వద్దంటే అదే మాట. ఆ మాట రోజుకు పదిసార్లు వినే పిల్లవాడికి కుటుంబ చరిత్ర నెత్తురులోంచి ఎంత వచ్చిందో తెలియదు, నోళ్లలోంచి మాత్రం రోజూ వస్తోంది. దీన్ని ఆపగలం. ఇంటివాళ్లతో కూర్చుని ఒక్క ఒప్పందం చేసుకోండి: మామ పేరు పోలిక కోసం తీయకూడదు. పదింటికి లేచేవాడిని ఐదింటికి లేపాలని పట్టుబట్టకుండా తొమ్మిదిన్నరకు లేస్తే గుర్తించి మంచిమాట అనాలి. చొరవ లేకపోవడం బద్ధకం కాదు, జబ్బు లక్షణం, లేదా రాత్రి మాత్ర మగత. మగతైతే మాత్ర వేళ ముందుకు జరపమని డాక్టర్ని అడగాలి.

మనోవైద్యం_ఓపీ | సాయంత్రం 4:45

సిస్టర్, ఆ ఒప్పందం మాట మా యూనిట్ గోడ మీద రాస్తాను.

ఒక ముఖ్యమైన సంగతి మరిచాం. చుట్టంలో ఉన్నది స్కిజోఫ్రీనియానా, బైపోలారా (మితిమీరిన ఉత్సాహం, దిగులు విడతలుగా వచ్చే జబ్బు)? 2009లో స్వీడన్ రిజిస్టర్ల అధ్యయనం రెండింటికీ ఉమ్మడి జన్యు మూలాలు చాలా ఉన్నాయని చూపింది. "ఏడాదికోసారి నెలరోజులు నిద్రపోకుండా డబ్బంతా పంచేసేవాడు, మిగతా కాలం దుకాణం బాగా నడిపేవాడు" అని పెద్దనాన్న గురించి చెబితే, ఈ పిల్లవాడి డయాగ్నసిస్ మళ్లీ చూడండి. ఉత్సాహం, నిద్ర తగ్గడం, వచ్చిపోయే తీరు ఉంటే స్కిజోఫ్రీనియా ముద్ర వేసే ముందు ఆగాలి. బైపోలార్‌కు వాడే లిథియం మందు పనిచేయడం కూడా కుటుంబాల్లో నడుస్తుంది. కాబట్టి పెద్దనాన్న ఏ మాత్రతో కుదుటపడ్డాడో పాత చీటీ దొరికితే తెమ్మనండి.

హక్కులు_చట్టం | సాయంత్రం 6:10

కాగితం గురించి చిన్న మాట. వంశవృక్షంలో చుట్టాల పేర్లు రాయకండి, వరస రాస్తే చాలు. వాళ్లు మీ రోగులు కారు, వాళ్ల సంగతి ఫైలులో పేరుతో ఉండాల్సిన పని లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒకప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడన్నంత మాత్రాన ఇప్పుడు జబ్బుందని తేల్చకూడదు. మరి మామ ఆసుపత్రిలో ఉన్నాడని మేనల్లుడి మీద తేల్చడం ఎలా? రోగి కుదుటగా ఉన్న రోజుల్లో తనకు ఎలాంటి వైద్యం కావాలో, తన తరఫున ఎవరు మాట్లాడాలో రాసుకునే హక్కు అదే చట్టంలో ఉంది. ఇంట్లో తగాదాలున్నచోట ఈ కాగితం చాలా పనికొస్తుంది.

దారిదీపం | సాయంత్రం 7:30

అందరికీ ధన్యవాదాలు. ఒక్కటి మిగిలింది. రోగి చెల్లెలికి 17 ఏళ్లు. తల్లి "దీనికి ముందే మాత్ర ఇస్తారా?" అని అడుగుతుంది. ఏం చెప్పాలి?

మనోవైద్యం_ఓపీ | రాత్రి 8:05

వద్దు. లక్షణాలు లేని పిల్లకు ముందుజాగ్రత్తగా ఆ మందులు ఇవ్వరు. వచ్చే అవకాశం వందలో 9 అనుకున్నా 91 మంది ఊరికే బరువు, షుగరు తెచ్చుకుంటారు. ఆ అమ్మాయికి గంజాయి గురించి మాత్రం సూటిగా చెప్పండి, కాలేజీకి వెళ్లే ముందే. అందరికీ చెడ్డదే, ఈ ఇంటివాళ్లకు మరీ చెడ్డది. ఆడపిల్లలకు ఇది సాధారణంగా మగపిల్లల కన్నా కొన్నేళ్లు ఆలస్యంగా మొదలవుతుంది. కాబట్టి 20 దాటాయని గమనించడం మానేయవద్దు. పెళ్లయ్యి కాన్పయితే మొదటి కొన్ని వారాలు నిద్రను ప్రత్యేకంగా గమనించాలి.

గమనించడం అంటే అనుమానంగా వెంటాడటం కాదు. మార్కులు ఒక్కసారిగా పడిపోవడం, స్నేహితులను వదిలేయడం, రాత్రింబవళ్లు తారుమారవడం, తన గురించే మాట్లాడుకుంటున్నారనడం, ఇవి రెండు వారాలు కొనసాగితే చూపించాలి. వెంటనే రాలేకపోతే టెలి మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆ పిల్లతో కూడా ఒకసారి విడిగా కూర్చోండి. అన్నను చూసి తనకూ వస్తుందని ఒంటరిగా భయపడుతూ ఉంటుంది, తల్లిదండ్రుల దగ్గర నోరు విప్పదు.